నూటపది అంగలు

నేమి అంటే మన నిఘంటువుల్లో చక్రపు అంచు. బండిచక్రానికి ఇనుప పట్టా బిగించే చోటు. ఇటలీలో అదే పేరుతో ఒక ఊరుందని, రోమ్‌కు ఆగ్నేయంగా ముప్పై కిలోమీటర్ల దూరమేనని నాకు మొదట చెప్పింది మా బావగారు. "పేరు కలవడం కాకతాళీయం అమ్మాయ్. లాటిన్‌లో నెముస్ అంటే వనం, దేవుడి తోపు. అదే నేమి అయింది. కానీ పైనుంచి చూశాక నువ్వూ చక్రపు అంచనే అంటావు" అన్నారు. చూశాక నిజంగా అలాగే అన్నాను.

అది 1997 జూన్. అక్కా బావగారూ అప్పుడు రోమ్‌లో ఉండేవారు. ఆయనకు ఐక్యరాజ్యసమితి వారి ఆహార, వ్యవసాయ సంస్థలో ఉద్యోగం. నేను గుంటూరులో బడిపంతులమ్మని. సెలవుల్లో వాళ్ళ దగ్గరికి వెళ్ళాను. అందరూ చూసేవన్నీ చూపించారు. కొలోసియం, సెయింట్ పీటర్స్, నాణేలు వేసే ఫౌంటెన్. అవన్నీ అయ్యాక, జూన్ మొదటి ఆదివారం పొద్దున్నే బావగారు తన పాత ఫియట్ తీశారు. "ఇన్నాళ్ళూ మీ అక్క రోమ్ చూశావు. ఇవాళ నా రోమ్ చూపిస్తా" అన్నారు.

ఊరు చిన్నది. రెండువేల మంది కూడా ఉండరు. ఒక గుండ్రటి బురుజు, దాని చుట్టూ కోట, కోటను ఆనుకొని ఒక వీధి, కొన్ని సందులు. వీధిలో దుకాణాల ముందు అడవిపంది మాంసంతో చేసిన సాసేజీలు తోరణాల్లా వేలాడదీసి ఉన్నాయి. నడుస్తూ నడుస్తూ ఉండగా వీధి ఉన్నట్టుండి ఆగిపోతుంది. ఇనుప కటకటాలు. వాటి అవతల గాలి. కిందికి చూస్తే రెండు వందల మీటర్ల లోతున సరస్సు.

ఒకప్పుడు అది అగ్నిపర్వతం నోరు. నిప్పు ఆరిపోయాక నీరు చేరింది. చుట్టూ గిన్నె అంచులా నిటారు కొండ, ఆ కొండ నిండా ఓక్ చెట్లు, చెస్ట్‌నట్ చెట్లు. గాలి ఆ గిన్నెలోకి దిగదు కాబోలు, నేను చూసినంతసేపూ నీటిమీద చిన్న ముడత కూడా లేదు. రోమన్లు దాన్ని డయానా అద్దం అనేవారట. డయానా వాళ్ళ వనదేవత, వేటదేవత, కాన్పులు కాచే తల్లి.

ఆ వేళ ఊళ్ళో స్ట్రాబెర్రీల పండగ. 1922 నుంచీ జరుగుతోంది. ఈ కొండవాలున దొరికేవి మనం ఇప్పుడు బజారులో ప్లాస్టిక్ డబ్బాల్లో కొనే లావుపాటి స్ట్రాబెర్రీలు కావు. అడవి జాతివి. ఒక్కోటి చిటికెనవేలి గోరంత. ఎర్ర పావడా, తెల్ల జాకెట్టు, దానిమీద నల్ల బిగుతు రవికె, తలమీద తెల్ల లేసు గుడ్డ కట్టుకున్న ఆడపిల్లలు బుట్టలతో ఊరేగింపుగా వచ్చారు. పండ్లు ఏరే ఆడవాళ్ళ పాతకాలపు కట్టు అది. ఒక పిల్ల నా దోసిట్లో పిడికెడు పోసింది. నోట్లో వేసుకోకముందే వాసన ముక్కుకెక్కింది. మల్లెపూలూ తేనే కలిపినట్టున్న వాసన. ఇన్నేళ్ళూ నా జ్ఞాపకంలో ఆ ఊరు ముందు వాసనగానే వస్తుంది, తరవాతే బొమ్మగా.

దుకాణంలో నిమ్మరసం, పంచదార చల్లిన పండ్లు గాజు గిన్నెలో ఇచ్చారు. బావగారు వెయ్యి లీరాల నోట్లు తీసి లెక్కపెడుతుంటే ఒకటి లాక్కుని చూశాను. దానిమీద మరియా మాంటిస్సోరి బొమ్మ. పసిపిల్లలకు చదువు చెప్పే పద్ధతి కనిపెట్టిన మనిషిని నోటుమీద వేసుకున్న దేశం అది! పంతులమ్మనని ఆ నోటు నాకే ఇచ్చేశారు. నా పెట్టెలో ఇంకా ఉంది. 2002లో యూరో వచ్చి లీరా చలామణీ ఆగిపోయింది.

ఆ దుకాణం నడిపే ముసలమ్మకు డెబ్భై దగ్గర ఉంటాయి. మేం భారతదేశం నుంచని తెలిసి బల్ల దగ్గరికి వచ్చి కూర్చుంది. ఆమె ఇటాలియన్‌లో చెబుతుంటే బావగారు తెలుగులో నాకు చెబుతూ వచ్చారు. ఆమె చెప్పిందొక్కటే, ఓడలు కాలిన రాత్రి.

"ఓడలా? ఇక్కడా?" అన్నాను. పుట్టిలో దాటదగ్గ చెరువు. సముద్రం ఎక్కడో ఉంది.

"అదే కథ" అన్నారు బావగారు.

రోమ్ చక్రవర్తి కలిగులా క్రీస్తుశకం 37 నుంచి 41 దాకా నాలుగేళ్ళు ఏలాడు. ఆ కాలంలో ఈ సరస్సు మీద రెండు మహా ఓడలు కట్టారు. ఒకటి 71 మీటర్లు, ఇంకొకటి 73. వాటి మీద పాలరాతి పలకలు, మొజాయిక్ నేలలు. దూలాల కొసలకు కంచుతో పోతపోసిన తోడేలు తలలు, సింహం తలలు, నోట్లో ఉంగరాలతో. సీసపు గొట్టాలలో నీళ్ళు పారేవి. ఆ గొట్టాల మీద చక్రవర్తి పేరు అచ్చుకొట్టి ఉంది, ఓడలు ఎవరివో తేలింది దానివల్లే. కలిగులాను 41లో సొంత అంగరక్షకులే చంపారు. ఆ తరవాత ఓడల్ని కావాలనే ముంచేసి ఉంటారంటారు పండితులు. ముంచారు, మరిచారు. జాలరులు మాత్రం మరవలేదు. వలలకు కొయ్యముక్కలు తగులుతూనే ఉండేవి.

తీయాలని చూసినవాళ్ళంతా చెడగొట్టినవాళ్ళే. 1440ల్లో అల్బెర్తి అనే గొప్ప వాస్తుశిల్పి పీపాల మీద తెప్ప కట్టి, జెనోవా నుంచి ఈతగాళ్ళను రప్పించి కొక్కేలు వేసి లాగించాడు. ముక్కలు ఊడివచ్చాయి. 1535లో దె మార్కి అనే ఆయన గాజు కిటికీ బిగించిన కొయ్య తొట్టి తలకు బోర్లించుకుని నీటి అడుగుకు దిగాడు, ఓడను చేత్తో తడిమి వచ్చాడు. 19వ శతాబ్దంలో వచ్చినవాళ్ళు ఓడ కొయ్యతో చేతికర్రలు చేసి అమ్ముకున్నారు. 1895లో ఒక పాతవస్తువుల వ్యాపారి కంచు తలలు పీకించాడు. ప్రభుత్వం వాటిని కొని రోమ్‌లో పెట్టింది. కంచుతోపాటు ఒడ్డుకు లాగిపడేసిన వందల మీటర్ల దూలాలు అక్కడే ఎండి, పుచ్చిపోయాయి.

చివరికి ఒక ఇంజనీరు తిరగేసి ఆలోచించాడు. ఓడల్ని నీటిలోంచి తీయడం కాదు, ఓడల మీంచి నీటిని తీయాలి. ఆయన పేరు గ్విదో ఉచెల్లి. మిలాన్‌లో పంపుల కంపెనీ నడిపేవాడు. ఈ సరస్సుకు పొర్లి పారే దారి లేదు కనక క్రీస్తుకు పూర్వమే కొండ అడుగున తూములాగా ఒక సొరంగం తొలిచి ఉంది. 1650 మీటర్లు. రెండు జట్లు రెండు కొసల నుంచీ ఉలులతో తొలుచుకుంటూ వచ్చి మధ్యలో కలుసుకున్నాయి. కలిసిన చోట గోడల్లో కాస్త తేడా ఈనాటికీ ఉంది. రెండువేల ఏళ్ళు దాటిన ఆ తూమునే శుభ్రం చేసి, 1928 అక్టోబరు 20న పంపులు పెట్టి నీళ్ళు తోడటం మొదలెట్టారు. 1929 మార్చి చివర మొదటి ఓడ కొయ్య నీటిపైన కనబడింది. నీటిమట్టం ఇరవై మీటర్లకు పైగా దిగింది. రెండో ఓడా తేలింది.

బావగారు ఆ ఓడల పనితనం చెబుతూ తన రెండు అరచేతులూ ఎదురెదురుగా పెట్టి, సందు లేకుండా ఆనించి చూపించారు. "ఒక్కొక్క పలకా పక్క పలకలో ఎంత బాగా దిగిందంటే మధ్యలో బ్లేడు పట్టదు. అడుగున తారు పూసిన ఉన్నిగుడ్డ, దానిమీద సీసపు రేకు. కంచు గుండ్ల మీద గిరగిర తిరిగే పీట ఒకటి దొరికింది. మన బాల్‌బేరింగు అమ్మాయ్ అది! లంగరు చూసి నావికాదళం వాళ్ళు నోరు తెరిచారు. అలాంటి లంగరు 19వ శతాబ్దపు ఆలోచన అనుకున్నారంతా."

ఒడ్డునే మ్యూజియం కట్టారు. 1936కల్లా ఓడలు రెంటినీ లోపలికి లాగి, ఆ తరవాత ముందరి గోడ మూశారు. అంటే ఇంటిని ఓడలకు కొలత తీసి కుట్టారన్నమాట.

1944 మే 31. అమెరికా సైన్యం రోమ్ మీదికి వస్తోంది. మ్యూజియం దగ్గరలో జర్మన్ల ఫిరంగులు. ఆ సాయంత్రం ఆ చుట్టుపక్కల గుండ్లు పడ్డాయి. రాత్రి మ్యూజియం లోపలి నుంచి మంట లేచింది. తగలబెట్టింది జర్మన్ సైనికులేనని ఇటలీ విచారణ సంఘం తేల్చింది. అమెరికా గుండ్ల వల్లేనని వాదించేవాళ్ళు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు.

ముసలమ్మ ఆ రాత్రి గురించి చెప్పింది ఎక్కువ కాదు. పదిహేడేళ్ళ పిల్లనన్నది. ఇంట్లోవాళ్ళంతా నేలమాళిగలో ఉన్నారట. వాళ్ళ నాన్న పైకి వెళ్ళి చూసి దిగివచ్చాడు. అడవి కాలుతోందా అని అమ్మ అడిగింది. "అడవి కాదు, ఓడలు" అన్నాడట. సరస్సు నీరంతా ఎర్రగా ఉందన్నాడట. కొన్నాళ్ళకు సందు దొరికి ఆమె కిందికి వెళితే బూడిద, బూడిదలో మేకులు. చేత్తో మేకు పొడుగు చూపించింది. జానెడు.

మేం డబ్బు ఇవ్వబోతే స్ట్రాబెర్రీలకు తీసుకుంది, మాటలకు కూర్చున్నందుకు తెచ్చిన కాఫీకి తీసుకోలేదు.

కిందికి దిగాం. మ్యూజియం పక్కపక్కనే రెండు పెద్ద చావళ్ళు, విమానాల షెడ్డులాంటివి. యుద్ధం తరవాత 1953లో తెరిచి, మళ్ళీ మూసి, 1988లో తిరిగి తెరిచారు. లోపల ఓడలు ఉండాల్సిన చోట ఓడల్లో ఐదోవంతు ఉన్న నమూనాలు. గోడల వెంట అగ్నికి అందనివి కొన్ని. మిగతాదంతా ఖాళీ. నేను నమూనా చూస్తుంటే బావగారు వారించారు. "అది చూడకు, ఖాళీ చూడు. ఖాళీయే ఓడ కొలత." చావడి ఒక కొసకు తీసుకెళ్ళి నిలబెట్టి, నా పక్కన తనూ నిలబడి నడవడం మొదలెట్టారు. ఒకటి, రెండు, మూడు. తెలుగులో, పైకే, బడిలో ఎక్కం చెప్పినట్టు. కాపలా ఆయన మమ్మల్నే చూస్తున్నాడు. డెబ్భై దాటాక నేనూ గొంతు కలిపాను. నూటపది దగ్గర ఆగారు. "ఇదీ. ఒక మనిషి నూటపది అంగలు వేస్తే ఒక ఓడ."

అక్కడే, నమూనాకు వీపు పెట్టి నిలబడి, తన ఊరి సంగతి చెప్పారు. ఆయనది మాచర్ల దగ్గర పల్లె. నాగార్జునకొండ లోయలో 1954 నుంచి 1960 దాకా పురావస్తు శాఖ తవ్వకాలు చేసినప్పుడు బావగారి మేనమామ అక్కడ రోజుకూలీకి పలుగు పట్టాడు. మేనమామకు సద్ది తీసుకెళ్ళే పిల్లవాడిగా బావగారు ఇక్ష్వాకుల విహారాలు, చైత్యాలు, మెట్ల స్నానఘట్టం, రోళ్ళలాంటి రాతి గుంటలు అన్నీ చూశారు. తరవాత సాగర్ డ్యామ్ లేచింది. కొన్ని కట్టడాలను రాయి రాయి విప్పి కొండమీదికి చేర్చారు, కొండ ద్వీపమైంది. లోయ నీళ్ళకింద ఉండిపోయింది. "అక్కడ రోమన్ బంగారు నాణేలు దొరికాయి తెలుసా. తిబేరియస్ నాణెం కూడా. ఈ కలిగులాకు ముందు ఏలినవాడే తిబేరియస్. మన లోయకు వీళ్ళ డబ్బు వచ్చేది. నీళ్ళలోకి పోయిందని మా లోయ గురించి ఏడ్చేవాణ్ణి. ఈ చావడి చూశాక ఏడవడం మానేశాను. నీళ్ళు పద్దెనిమిది వందల తొంభై ఏళ్ళు దాచాయి. మనుషుల చేతికొచ్చాక పదిహేనేళ్ళు."

సాగర్ కట్టకపోతే పల్నాటి చేలకు నీళ్ళు ఎక్కడివని నేను అడగబోయి ఊరుకున్నాను. ఆ సంగతి ఆయనకు నాకన్నా తెలుసు. రైతుబిడ్డ.

తిరిగివస్తూ డయానా గుడి ఉన్న చోటు చూపించారు. ఒడ్డున పొలాల మధ్య కమాను గూళ్ళున్న పాతగోడ, దానినిండా ముళ్ళతీగలు. అంతే. ఆగస్టు 13న రోమ్ ఆడవాళ్ళు తలకు పూలదండలు చుట్టుకుని, మొక్కు తీరినవాళ్ళు కాగడాలు పట్టుకుని ఇక్కడికి నడిచివచ్చేవారట. ఆ కాగడాలన్నీ ఈ నీటిలో కనబడుతూ ఉండేవి కదా అని నాకు ఒళ్ళు జలదరించింది. ఈ నేలలో దొరికినవాటిలో మట్టితో చేసిన కాళ్ళు, చేతులు, పసిబిడ్డలు ఉన్నాయి. మన గుళ్ళలో వెండి కళ్ళు, వెండి పాదాలు హుండీలో వేసినట్టే. 1885లో రోమ్‌లోని బ్రిటిష్ రాయబారి తవ్వించి బోలెడన్ని ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌కు పంపించాడు. ఆ మొక్కులు తీర్చుకున్న తల్లుల బొమ్మలు అక్కడ ఉన్నాయి, గుడి ఇక్కడ గోడగా ఉంది.

ఆ తోపుకు ఒక పూజారి ఉండేవాడు. అతన్ని వనరాజు అనేవారు. అతను పారిపోయి వచ్చిన బానిస అయి ఉండాలి. ఒక చెట్టు కొమ్మ విరిచి, అప్పుడున్న పూజారితో పోరాడి, చంపి ఆ పదవికి రావాలి. తనను చంపే ఇంకొకడు వచ్చేదాకా రాత్రీ పగలూ కత్తి పట్టుకుని కావలి తిరగాలి. జేమ్స్ ఫ్రేజర్ 1890లో అచ్చువేసిన 'ది గోల్డెన్ బౌ' ఈ ఒక్క మనిషి ఎవరన్న ప్రశ్నతో మొదలై, లోకంలోని ఆచారాలన్నిటి చుట్టూ తిరిగింది. నాకు ఫ్రేజర్ ప్రశ్న కన్నా ఆ మనిషి నిద్ర గురించే దిగులు. కొమ్మ విరిగిన చప్పుడుకు ఎన్నిసార్లు లేచాడో.

బావగారు 2019లో పోయారు. అక్క రోమ్‌లోనే ఉండిపోయింది. 2023 జూన్‌లో నేను వెళితే, "ఆయన తీసుకెళ్ళిన చోటికి తీసుకెళ్ళు" అంది. కారు లేదు. మెట్రోలో అనాన్యీనా దాకా, అక్కడ్నించి కొండబస్సు. ఇద్దరం చేతులు పట్టుకుని వీధిలో నడిచాం. కటకటాలు, గాలి, నీళ్ళు అన్నీ అలాగే ఉన్నాయి. సరస్సు ఒడ్డున మాత్రం తెల్ల ప్లాస్టిక్ గుడారాలు వరసగా, వాటిలో సాగు. కొండవాలున ఒంగి ఏరేవాళ్ళు తగ్గిపోయారని దుకాణం పిల్లవాడు చెప్పాడు. ముసలమ్మ దుకాణం ఉన్నచోట సెల్‌ఫోన్ కేసులు అమ్ముతున్నారు. చిన్న స్ట్రాబెర్రీలు వేరే చోట కొన్నాం. వాసన ఉంది. కళ్ళు మూసుకుని పీల్చాను, 1997 వాసనే.

మ్యూజియంలో కొత్తది ఒకటి వచ్చి చేరింది. ఓడ నేలమీది మొజాయిక్ ముక్క, చదరంగా, ఒకటిన్నర మీటర్లు ఉంటుంది. ఎర్రరాయి, ముదురాకుపచ్చ రాయి, పాలరాయి, మధ్యలో గాజు. ఎప్పుడో ఇటలీ దాటిపోయి, న్యూయార్కులో ఒక ఇంట్లో దశాబ్దాలపాటు కాఫీబల్లగా ఉంది. 2017లో అక్కడి అధికారులు పట్టుకుని ఇటలీకి అప్పగించారు. 2021లో ఇక్కడికి చేరింది. వంగి దగ్గరగా చూశాను. రాళ్ళ మధ్య సందులు సూదిమొనంత. అంచున ఒకచోట రాయి కొద్దిగా అరిగి ఉంది. చక్రవర్తి నడిచి అరిగిందో, కాఫీ కప్పులు పెట్టి అరిగిందో. అగ్ని తినకుండా మిగిలిన ఓడ ముక్క అది, ఊరికి దూరంగా ఉండబట్టి మిగిలిందా అని కూడా అనిపించింది. బావగారు చూడలేదు. చూసి ఉంటే ఎన్ని ప్రశ్నలు వేసేవారో.

అక్క నా చెయ్యి వదిలేసి చావడి కొసకు వెళ్ళి నిలబడింది. నేను అడగలేదు, తనే లెక్క మొదలెట్టింది. ఆమెకు మోకాళ్ళ నొప్పులు, అంగలు చిన్నవి. మధ్యలో రెండుసార్లు ఆగింది. నూట అరవై నాలుగు వచ్చాయి.

రోమ్ వెళ్ళే తెలుగువాళ్ళు ఇప్పుడు చాలామంది ఉన్నారు. పిల్లల దగ్గరికని, చదువుకని, చూడటానికని. మీ రోజుల్లో ఒక రోజు నేమికి ఉంచండి. జూన్ మొదటి ఆదివారం అయితే మరీ మంచిది. పైన స్ట్రాబెర్రీలు తిని, కిందికి దిగి, ఆ చావడిలో నమూనాలు చూశాక ఒక కొస నుంచి ఇంకో కొసకు నడవండి. పైకే లెక్కపెట్టండి. కాపలావాళ్ళు ఏమీ అనరు.